తిన్నదా అని అడిగిన బాయి

బాయి పోయారన్న కబురు వచ్చేసరికి నా చేతిలో వేపరొట్ట ఉంది.

పొద్దున ఎనిమిది కావస్తోంది. బాయి ఇంటి వసారాలో అట్టపెట్టె ముందు కూర్చుని, నిన్నటి వేపాకు తీసేసి కొత్తది వేస్తున్నాను. ఫోను మోగింది. బాయి చెల్లెలు. ఆమె నిజామాబాద్ నుంచి ముందురోజు సాయంత్రమే వచ్చి ఆసుపత్రిలో ఉన్నారు.

"అక్క పోయింది బిడ్డా" అన్నారు.

"ఇంటున్నవా? లైన్‌ల ఉన్నవా?" అని రెండుసార్లు అడిగారు. నేను పెట్టెలోకే చూస్తున్నాను. పెట్టెలో పురుగులు వేపాకు మీదికి ఎక్కి, తలెత్తి అటూ ఇటూ ఊపి, మూతి ఆనించి, వెనక్కి తీసుకుని దిగిపోతున్నాయి. మూడు రోజులుగా అదే పని. ఆకలి ఎక్కువైతే అవే తింటాయని అనుకున్నాను. ఆ సంగతి చివర చెప్తాను. చెప్పకుండా బాయి గురించి రాయడం నా వల్ల కాదు.

ఇది చదివేవాళ్లలో చాలామంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే అయ్యుంటారు. మరాఠీ బడుల్లో ఆడ టీచరును బాయి అంటారు కదా. నాందేడ్‌లో మా రైల్వే కాలనీ వెనక గల్లీలో పిల్లలు, ముసలివాళ్లు, ఆటోవాళ్లు అందరికీ ఆమె బాయి. ఆమె సైన్సు చెప్పేవారని, తప్పు రాస్తే చాక్‌పీసు విసిరేవారని మీరు అంటుంటే విన్నాను. నేను ఆమె బడి పిల్లను కాను. రిటైరయ్యాక దొరికిన పిల్లను. నెలమాసికానికి చిన్న పుస్తకం వేస్తున్నాం, నువ్వు కూడా రాయి అని బాయి చెల్లెలు అడిగితే, "నేనా?" అన్నాను. "నువ్వే. ఆఖరి రెండేండ్లు ఎవలున్నరు ఆమెతోని?" అన్నారు.

మాది ఇస్లాపూర్ పక్కన ఒక చిన్న పల్లె. భూమి లేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. తెలుగు మాట్లాడటమే గానీ అక్షరాలు తెలియవు. పెళ్లయ్యాక, మా ఆయన రైలు పట్టాల పనికి పోయిన పొద్దుల్లో, బాయి తన వసారాలో కూర్చోబెట్టి నేర్పారు. ఈ కాగితం మీద ఉన్న ప్రతి అక్షరం ఆమె చెయ్యి పట్టి దిద్దించిందే.

ఆమెను మొదటిసారి కలిసిన రోజు మేమిద్దరం మోకాళ్ల మీద ఉన్నాం. నేను కొత్త కోడలిని. "వెనక గల్లీల బాయింటి ముంగట కరివేప చెట్టుంది, రెండు రెమ్మలు అడిగి తే" అని అత్తమ్మ పంపింది. అడగాలంటే నాకు ప్రాణం పోయినంత పని. గేటు బయట చాలాసేపు నిలబడి, అడగకుండానే గోడ ఇవతలికి వాలిన కొమ్మ అందుకున్నాను. ఆకుల మీద పిట్ట రెట్టలున్నాయి. గోరుతో ఒకటి చిమ్మాను. రెండోది చిమ్మబోతే అది కదిలింది. తల మీద ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటికి చాచింది. కుళ్లిన నిమ్మకాయ వాసన. కెవ్వుమన్నాను.

"ఎవలది?" అంటూ ఒకావిడ బయటికి వచ్చారు. చీర మీద మగవాళ్ల పాత చొక్కా, కళ్లద్దాలకు దారం.

"పురుగు..." అన్నాను.

"పురుగని ఎవలు కాదన్నరు. ఎన్ని పడగొట్టినవ్?"

"ఒకటి."

"ఎక్కడ పడ్డది? ఎతుకు. నేనూ ఎతుకుత. అడుగు ఎయ్యకు, తొక్కుతవ్."

అలా ఇద్దరం మట్టిలో వంగి వెతికాం. దొరికింది. ఆమె దాన్ని ఎండుటాకు మీదికి ఎక్కించి, చెట్టు మీద పెట్టి, నావైపు తిరిగారు. తిడతారనుకున్నాను. అప్పుడే ఒక సీతాకోకచిలుక వచ్చింది. నలుపు మీద పసుపు మచ్చలు. బాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏం చేస్తున్నది చెప్పు?"

"ఆకు మీద కూసున్నది."

"కండ్లు పెట్టి చూడు. కాళ్లు చూడు."

చూశాను. ముందుకాళ్లతో ఆకును టపటపా తడుతోంది. అంత చిన్న కాళ్లతో, తలుపు కొట్టినట్టు. ఎగిరి పక్కనున్న మందారం మీద వాలింది. ఒక్కసారి తట్టి వెంటనే లేచింది. మళ్లీ కరివేప మీదికి వచ్చి, లేత ఆకు తట్టి, తట్టి, తోక వంచి ఒక గుడ్డు పెట్టింది. ఆవగింజంత కూడా లేదు.

"దానికి రుచి కాళ్లల్ల తెలుస్తది" అన్నారు బాయి.

"కాళ్లతోని తింటదా?"

"తినదు. అది తాగేది పూలల్ల తేనె. ఈ ఆకు దాని నోటికి గాదు, పిల్లల నోటికి. దీంట్ల నా పిల్లలు బతుకుతరా అని అడుగుతున్నది."

నాకు ఎందుకో నవ్వొచ్చింది. కాళ్లతో చారు రుచి చూస్తున్న అత్తమ్మ కళ్ల ముందు మెదిలింది. అదే బయటికి అనేశాను. బాయి గేటు పట్టుకుని నవ్వారు.

"నీకు నోరున్నదే! మూడు నెలల సంది తల ఒంచుకొని పోతుంటే లేదనుకున్న" అన్నారు.

ఆ రోజు నుంచి రోజూ వెళ్లాను. అక్షరాలు ముందు, పురుగులు తర్వాత. పలక మీద మొదట దిద్దించిన మాట 'ఆకు'. తర్వాత 'పురుగు తిన్నది'. తర్వాత 'పురుగులు తిన్నవి'. తర్వాత 'ఆమె తిన్నది'. "చూసినవా, పురుగుకు, ఆడదానికి ఒక్కటే మాట పెట్టిన్రు మనోళ్లు" అని ఆమె కళ్లద్దాల మీదుగా చూస్తే, ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

బాయికి ఒక అలవాటు ఉండేది. ఏ ఆకు కనబడినా నలిపి వాసన చూసి, కొసన కొంచెం కొరికి, నమిలి, చేతిలోకి ఉమ్మేసేవారు. నా కళ్లు మూయించి నాలుక మీద ముక్కలు పెట్టేవారు. "చెప్పు, ఏందిది?" నిమ్మ. "ఇది?" మారేడు. "ఇది?" కరివేప. మూడింటిలోనూ ఎక్కడో ఒకే ఘాటు. "పేర్లు వేరు బిడ్డా, రుచి ఒక్క ఇంటిది. అందుకే ఆ నల్ల పసుపుది మూడింటి మీదా గుడ్లు పెడ్తది. ఆకు పేరు చూసి పురుగు తినది, రుచి చూసి తింటది" అనేవారు. ఈ మాట ఎన్నిసార్లు అన్నారో. జిల్లేడు దగ్గరికి మాత్రం పోనిచ్చేవారు కాదు. "దాన్ని ముట్టకు, పాలు కంట్ల పడ్తయ్. గది వేరే ఆమె పిల్లల ఇల్లు" అనేవారు, జిల్లేడు మీద గుడ్లు పెట్టే ఆ వేరే సీతాకోకచిలుక పక్క గల్లీలో ఉన్నట్టు.

చేదు ఎందుకు ఉంటుందని ఒకసారి అడిగాను. చెట్టు పరుగెత్తలేదు కదా, వచ్చినవాళ్లందరూ తినకుండా చేదునో ఘాటునో కావలి పెట్టుకుంటుందన్నారు. అయితే ఒక్కో చెట్టు కావలిని ఒక్కో పురుగు ఎప్పుడో దాటేసింది. తరతరాలుగా ఆ ఘాటే దానికి గుర్తు. "వేరేటోళ్లకు దూరం పో అనే రుచి, దీనికి ఇదే నీ ఇల్లు అని చెప్తది."

నేను ఆ రోజు ఏదో బాధలో ఉన్నాను. "నన్ను ఈ ఇంట్ల ఇచ్చేముందు ఎవలు కాలు పెట్టి చూసిన్రు బాయీ?" అన్నాను. అన్నాక సిగ్గేసింది.

ఆమె భూతద్దం తీసి ఒక పురుగు మూతి చూపించారు. నోటి పక్కన సన్నటి మొలకల్లాంటివి. "ఇవి గూడ రుచి చూసేటివే. తల్లి అప్పుడప్పుడు తప్పు ఆకు మీద పెడ్తది. పురుగు నోరు పెట్టి మళ్ల చూసుకుంటది. నచ్చకుంటే ముట్టది." భూతద్దం దించి, "ముట్టక చచ్చేటివి గూడ ఉంటయ్. నీకు అబద్ధం చెప్ప" అన్నారు.

పెళ్లయిన ఏడాదికి నాకు నెల తప్పింది. నాలుగో నెలలో పోయింది. అప్పుడు అందరూ ఏదో ఒకటి అన్నారు. బాయి మాత్రం నన్ను వసారాలో కూర్చోబెట్టి, పెట్టె ముందుకు జరిపి, ఆకులు మార్చమన్నారు. మారుస్తూ మారుస్తూ, "ఆకుల ఏమన్న తక్కువున్నదా బాయీ?" అని అడిగాను. "గుడ్డు నిలువలేదు."

"అన్ని గుడ్లు నిలువయ్. ఆకును అనొద్దు" అన్నారు. ఆ మాటకే నేను ఆ రోజు ఏడ్చింది.

ఇప్పుడు మళ్లీ ఆరో నెల. మొదటి నుంచీ ఏదీ లోపల నిలవడం లేదు. అన్నం వాసనకే వాంతి. పప్పు పోపు వేస్తే వీధిలోకి పరుగెత్తాలి. మా అమ్మ దగ్గరికి పోదామంటే వాళ్లు చెరకు కోతకు పోయారు, ఇంటికి తాళం. రక్తం తక్కువుందని, బరువు పెరగడం లేదని, ఇలాగే ఉంటే బిడ్డ నిలవడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. అత్తమ్మ చెడ్డది కాదు. కానీ వండినదంతా బయటికి పోతుంటే ఆమెకూ విసుగే కదా. "మా కాలంల గివన్ని ఎరుగం. ఒదిలెయ్, ఆకలైతే ఆమెనే తింటది" అనేది. "ఊకో అవ్వా" అని మా ఆయన అనేవారు. అంతకంటే ఆయనకూ ఏం చెయ్యాలో తెలియదు.

బాయి మాత్రం ఆ మాటకు ఒప్పుకోలేదు. మా గుమ్మంలోకి వచ్చి మరీ అత్తమ్మతో అన్నారు. "ఆకలైతే ఏదైన తినేది మేక. అందరు మేకలు గాదు. ఏది పడ్తదో ఎతకాలె."

"మీ పురుగుల లెక్క నా కోడలు గూడనా బాయీ?"

"అవును. నా పురుగుల లెక్కనే. అవి నకరాలు చెయ్యయ్. అవిట్కి తెలుస్తది."

అత్తమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నవ్వాపుకుందో, కోపమో తెలియలేదు.

వారం రోజులు బాయి వెతికారు. చిటికెడు చిటికెడు నా నాలుక మీద పెట్టి, నా ముఖం చూసేవారు. చివరికి దొరికింది. జొన్న గట్క. జొన్నరవ్వను మెత్తగా ఉడికించి మా పల్లెలో పొద్దున్నే తినేది. దాని మీద బాయి ఇంటి చెట్టు ఆకు నీడన ఆరబెట్టి దంచిన కరివేపాకు పొడి. అది లోపలికి పోయింది. నిలిచింది. బాయికి డాక్టరు ఉప్పు, కారం మానిపించాడు. అయినా నాకు పెట్టేముందు ప్రతిసారీ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, సరి చూసి, పక్కకు పోయి ఉమ్మేసేవారు. తను తినలేనిది నా కోసం రుచి చూసేవారు. అది చూసిన మొదటిసారే నాకు ఆ నల్ల పసుపు సీతాకోకచిలుక గుర్తొచ్చింది. చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

మొన్న చలి తగ్గుతున్న రోజుల్లో ఆమెకు ఊపిరి ఆడలేదు. మా ఆయన ఆటో తెచ్చారు. ఆటోలో కూర్చోబెడుతుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "పెట్టెల పదకొండున్నయ్. పొడి సీసా అల్మారిల ఉన్నది. అవిట్కి పెట్టు. నువ్వు తిను. రెండూ మరువకు" అన్నారు.

అవే నాతో చివరి మాటలు.

రెండో రోజు పొద్దున నేను వసారాలో ఉండగా, గేటు దగ్గరికి ఇద్దరు ఆడవాళ్లు గంపతో వచ్చారు. గుడి దగ్గర అందరికీ అన్నం పెట్టే భండారా ఉంది, వంటకు కరివేపాకు కావాలి. "బాయి నాహీత్ కా?" అని, బాయి లేరా అని అడిగారు. ఆసుపత్రిలో ఉన్నారని తలూపి సైగ చేశాను. "అరెరే. థోడాసా పాలా ఘేతో హం" అంటూ కొడవలి తీశారు. కొంచెం ఆకే తీసుకుంటాం అన్నారు. వద్దు అని చెప్పాలి. చెట్టు మీద పురుగులు లేవు, పెట్టెలో ఉన్నాయి, వాటికి ఈ ఆకే ఆధారం, నాకూ ఈ ఆకే ఆధారం, అని చెప్పాలి. మరాఠీలో ఆ మాటలన్నీ నాకు వచ్చు. అయినా నేను గుమ్మం పట్టుకుని, తల వంచుకుని, కాలి బొటనవేలు చూస్తూ నిలబడ్డాను. వాళ్లకు అది సరేనన్నట్టే కనిపించి ఉంటుంది. వాళ్ల తప్పు లేదు. తల ఎత్తేసరికి చెట్టుకు కొమ్మలు లేవు. మోడు మాత్రం మిగిలింది.

బజారులో కరివేపాకు దొరుకుతుంది. కానీ బజారు ఆకుకు మందు కొడతారని, పెడితే సాయంత్రానికి పురుగు నల్లబడుతుందని బాయి ఎన్నోసార్లు చెప్పారు. వేరే ఎవరింట్లో చెట్టుందో తెలియదు. తెలుసుకోవాలంటే అడగాలి. అందుకని బాయి ఫోనుకే చేశాను. ఎత్తింది వార్డులో ఆయా. బాయి ముఖానికి గాలి మాస్కు ఉంది, మాట్లాడలేరు అంది. "చెట్టుకు ఆకు లేదు, పురుగులకు ఏం పెట్టాలో అడుగు మావశీ" అని బతిమాలాను. పురుగులా అని ఆమె నవ్వింది. అయినా అడిగింది. కాసేపు గలగల శబ్దం. తర్వాత, "బాయి మ్హణతాత్, లింబాచా పాలా ఘాల్" అంది. ఆ ఆకు వెయ్యమంటున్నారని.

లింబాచా పాలా. మా బడిలో, మా పల్లెలో, అమ్మవారు పోసిన పిల్లలకు స్నానం చేయించేటప్పుడు, ఆ మాటకు ఒకటే అర్థం. వేపాకు. పైగా నాలో నేను లెక్క వేసుకున్నాను. కరివేప పేరులోనే వేప ఉంది కదా, చుట్టమే అయ్యుంటుంది అని. ఆకు పేరు చూసి పురుగు తినదని చెప్పిన మనిషి ఇంట్లో కూర్చుని, నేను పేరే చూశాను. నలపలేదు. వాసన చూడలేదు. కొరకలేదు.

రోడ్డు మీద వేపచెట్టుంది. ఎవరినీ అడగక్కర్లేదు. అదీ నాకు హాయిగా అనిపించింది.

మొదటి రోజు అవి తినలేదు. కొత్త ఆకు కదా అనుకున్నాను. రెండో రోజు పెట్టె గోడలు ఎక్కి మూలమూలా తిరిగాయి. రెండు చచ్చిపోయాయి. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. "ఆకలైతే అవే తింటయ్" అని పైకే అన్నాను. నా గొంతులో అత్తమ్మ మాట విని ఉలిక్కిపడ్డాను. అయినా మరో కొమ్మ విరవడానికే వెళ్లాను. మూడో రోజు పొద్దున బాయి పోయారు.

అంత్యక్రియలన్నీ నిజామాబాద్ నుంచి వచ్చిన వాళ్లే చూశారు. రెండు రోజుల తర్వాత బాయి చెల్లెలు ఇల్లు సర్దడానికి వచ్చి పెట్టె తెరిచారు.

"గిదేంది? వేపాకు ఎందుకేసినవ్?"

"బాయే చెప్పిన్రు. ఆయాతోని. లింబాచా పాలా అని."

ఆమె పెట్టె వైపు, నా వైపు చూశారు. ఆమె కూడా మరాఠీ బడిలో చదివినావిడే. "లింబాచం లోణచం అంటే ఏంది?" అని మెల్లగా అడిగారు.

నిమ్మకాయ పచ్చడి. నోరు తెరిచి చెప్పేలోపే నాకు అర్థమైంది. మరాఠీలో వేప లింబ్, నిమ్మ లింబూ. 'చా'నో 'చం'నో తగిలితే రెండూ ఒకటే మాట. ఆయా తప్పు చెప్పలేదు. బాయి మాస్కు లోపలి నుంచి నిమ్మ అని సరిగ్గానే చెప్పారు. పచ్చటి ఆకుల నడుమ పెట్టి, నేను వాటిని ఆకలితో చంపాను. పది. నేను లెక్కపెట్టాను. ముడుచుకుని, ఎండిన చింతపండు పీచుల్లా ఉన్నాయి. పదకొండోది పెట్టె మూత అంచున తలకిందులుగా పట్టుకుని ఉంది. వేలు పెడితే తల కొంచెం ఎత్తింది.

"ఊకో బిడ్డా. నీ కడుపుల బిడ్డ ఉన్నది, గట్ల ఏడ్వకు" అన్నారు ఆమె. తర్వాత నా పక్కన కింద కూర్చున్నారు. "ఒకటి చెప్పాలె నీకు. నాకు తెల్వలే ఎవలికి చెప్పాల్నో. ఆఖరుకు అక్క ఒక్కసారి కండ్లు తెరిచింది. తిన్నదా అని అడిగింది. నన్నే అనుకొని, తిన్న అక్కా అన్న. కాదని చెయ్యి ఊపింది. మళ్ల తిన్నదా అన్నది. గంతే. పురుగుల గురించే అయ్యుంటది గద?"

నేను తల అడ్డంగా ఊపాను. నాకు ఆ పలక గుర్తొచ్చింది. పురుగు తిన్నది. పురుగులు తిన్నవి. పదకొండు పురుగుల గురించైతే బాయి తిన్నయా అని అడిగేవారు. ఆమె ఒక్కదాని గురించి అడిగారు.

బాయి పోయిన రోజు నేను తినలేదు. దానికి ముందు మూడు రోజులుగా కూడా, పొడి సీసా సంగతే మరచి, తిన్నది ఏమీ లేదు. ఆమె అడిగినప్పటికి జవాబు, లేదు అనే.

లేచాను. మూడో గల్లీలో ఒక ఇంటి గోడ మీదుగా నిమ్మచెట్టు కనబడుతుందని తెలుసు. అటువైపు ఎప్పుడూ తలెత్తి నడవలేదు. గేటు తట్టాను. ఒక ముసలామె వచ్చింది. "ఆజీ, లింబాచా పాలా పాహిజే" అన్నాను, ఆకు కావాలని. మళ్లీ అదే మాట వచ్చింది నోట్లోంచి. ఆమె నన్ను వింతగా చూసి, రోడ్డు అవతల వేపచెట్టు చూపించి, "తో కాయ సమోర్! ఎవఢం మోఠం ఝాడ్ దిసత్ నాహీ?" అంది. అంత పెద్ద చెట్టు ఎదురుగా ఉంటే కనబడలేదా అని.

మామూలుగా అయితే అక్కణ్నుంచే వెనక్కి వచ్చేదాన్ని. "తో నాహీ ఆజీ" అన్నాను. అది కాదవ్వా అని. "లోణచ్యాచం లింబూ. పచ్చడి నిమ్మ. పురుగు చచ్చిపోతుంది ఆజీ, ఒక్కటే మిగిలింది." సగం మరాఠీ, సగం తెలుగు. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. నా కడుపు వైపు చూసింది. లోపలికి పోయి ఒక రొట్ట విరిచి తెచ్చి, "పులుపు తినాలనిపిస్తే కాయ తీసుకో, ఆకెందుకు పిచ్చిదానా" అని మరాఠీలో కసిరి, రెండు కాయలు కూడా చేతిలో పెట్టింది.

రొట్ట పెట్టెలో పెట్టేముందు ఆగాను. ఒక ఆకు నలిపాను. వాసన చూశాను. కొస కొరికి నమిలాను. అదే ఇంటి ఘాటు. ఉమ్మి, అప్పుడు పెట్టాను. పురుగు చాలాసేపు కదల్లేదు. తర్వాత ఆకు అంచుకు మూతి ఆనించింది. తీసింది. మళ్లీ ఆనించింది. మెల్లగా అంచున చిన్న చంద్రవంక లాంటి గాటు కనబడింది. బాయి చెల్లెలు నా భుజం నొక్కారు.

అది నాలుగు రోజులు కొద్దికొద్దిగా తిని, పుల్లకు అతుక్కుని గూడు కట్టింది. సీతాకోకచిలుక బయటికి రావాల్సిన రోజులు దాటిపోయాయి. ఇంకా అలాగే ఉంది. లోపల బతికుందో, ఆకలి రోజుల్లోనే లోపల ఏదో పోయిందో నాకు తెలియదు. చెప్పేవాళ్లు లేరు. రోజూ వెలుతురుకు ఎత్తి చూసి, పెట్టేస్తాను.

బాయి చెల్లెలు తాళం చెవి నా దగ్గరే ఉంచి వెళ్లారు. బాయి చెప్పిన పొడి సీసా అల్మారాలోనే ఉంది. సగం కంటే తక్కువ. బజారు ఆకుతో అత్తమ్మ పొడి దంచి పెట్టింది, పాపం. నిలవలేదు. అందుకని బాయి పొడినే గట్క మీద చిటికెడు చిటికెడు చల్లుకుంటున్నాను. తినే ప్రతిసారీ సీసాను కిటికీ దగ్గర పెట్టి ఎంత మిగిలిందో చూస్తాను. డాక్టరమ్మ మళ్లీ తూచి, ముఖం ముడిచి, ఏదో రాసింది. కడుపులో కదలిక ఒక రోజు తెలుస్తుంది, ఒక రోజు తెలియదు. తెలియని రోజున నేను వసారాలో కూర్చుని పలక మీద 'తిన్నది' అనే ఒకే మాట రాసి చెరుపుతుంటాను.

నిన్న మధ్యాహ్నం సీసాలో చివరి చెంచా. అడుగు గీకి గట్క మీద వేసుకుని, గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను. కరివేప మోడు మీద, కొడవలి కోసిన చోటికి కాస్త కింద, ఎర్రటి మొలకలు వచ్చాయి. ఆకులని కూడా అనలేం. మూడో నాలుగో, గోరంత. పొడికి కాదు కదా, ఒక పోపుకు కూడా చాలవు.

దాని చుట్టూ ఒక సీతాకోకచిలుక తిరుగుతోంది. నల్లది, పసుపు మచ్చలది. ఎక్కడిదో తెలియదు. మోడు మీద వాలి లేచింది. గోడ మీద వాలి లేచింది. ఆ ఎర్ర మొలక కనుక్కుంది. మొలక దాని బరువుకే వంగుతుంటే, రెక్కలు ఆడిస్తూ నిలదొక్కుకుని, ముందుకాళ్లతో తట్టింది. ఆగింది. మళ్లీ తట్టింది.

నేను నోట్లో ముద్ద పెట్టుకుని, మింగకుండా, గిన్నె కడుపుకు ఆనించుకుని, అది ఏమంటుందో అని చూస్తూ నిలబడ్డాను.